ఫైల్ ఫొటో

టిబిలిసిలో గురువారం సాయంత్రం
ఎక్కడో ఒకచోట గోడకి కొత్త మేకులు దిగుతాయి.
సొలొలాకి వీధుల్లో చెక్క బాల్కనీల కింద
ఓ తలుపు తెరుచుకుంటుంది. వైన్ పోస్తారు.
లమారా అప్పటికే లోపలుంటుంది,
నల్ల స్వెట్టరు, చప్పుడు చేయని బూట్లు,
గోడకీ గుంపుకీ మధ్య
నీడకన్నా కాస్త తక్కువ చోటు తీసుకుని.

ఆమె వెనక లైట్లు మోసేవాణ్ణి నేను.
మూడేళ్లు మోశాను.
ఇప్పటికీ నా చొక్కాలన్నీ
ఆ భుజం దగ్గరే ముందు చిరుగుతాయి.

మొదటి రోజే చెప్పింది:
"ఎవరైనా నవ్వుతుంటే తీయకు.
నవ్వయిపోయాక, నోరు మూసుకునే ముందు
అక్కడ ఓ మనిషి ఉంటాడు.
తొందరగా వెళ్లిపోతాడు."

పొద్దుటిపూట పాస్‌పోర్టు ముఖాలు.
శనివారాలు పెళ్లిళ్లు.
ఓసారి ఖచాపురి దుకాణం బోర్డుకి
చీజ్ తీగలా సాగే బొమ్మ అడిగారు.
చల్లారితే సాగదు కదా,
పదకొండు రొట్టెలు పట్టాయి.
ఆ వారమంతా మా ఇద్దరి భోజనం అదే.

మధ్యాహ్నాలు చిత్రకారుల గదుల్లో.
కేటలాగుకి కాన్వాసుని ఫొటో తీయడం
చంటిపిల్లకి నీళ్లు పోయడం లాంటిది, అనేది.
అటొక లైటు, ఇటొక లైటు,
మధ్యలో బూడిదరంగు అట్టముక్క.
వార్నిష్ మీద మెరుపు రాకూడదు.
ముఖ్యంగా మన నీడ రాకూడదు.
నల్లగుడ్డ వెనక నిలబడి
లెన్సు పట్టేంత కంతలోంచి చూసేది.
"బొమ్మలో మనం కనబడ్డామా,
డబ్బు వాపసు."

డబ్బంటే గుర్తొచ్చింది.
జుంబెర్ సీసాడు చాచా ఇచ్చేవాడు.
ఎతెరి దానిమ్మపళ్ల బొమ్మ ఇచ్చింది,
దాన్నమ్మి కారుకి బ్యాటరీ వేయించాం.
తెంగిజ్ మాత్రం రేపు, రేపు అనేవాడు.
ఆ రేపు బెర్లిన్ దాకా వెళ్లింది.
ఏరు దాటి తెప్ప తగలేశాడని అనను,
తెప్పొకటి ఉండేదన్న సంగతే మరిచాడు.

మొన్న మార్చిలో పోయాడు.
ప్రతి పేపర్లో, ప్రతి తెర మీదా ఒకటే బొమ్మ:
కిటికీ పక్కన, మెడలో రంగులంటిన తువ్వాలు,
నవ్వయిపోయాక, నోరు మూసుకునే ముందు.
కింద చీమతలకాయంత అక్షరాల్లో
ఫైల్ ఫొటో.

ఫోన్ చేసి అరిచాను.
ఆమె వంటింట్లో వాల్‌నట్లు దంచుతోంది,
రోలు చప్పుడు ఆగలేదు.
"ఫైలంటే నేనే కదరా" అంది.
కాసేపటికి చప్పుడు ఆగింది.
"నూట అరవై లరీలు బాకీ" అంది.
ఏడుస్తోందో, ఉల్లిపాయలు కోస్తోందో,
ఫోన్లో అవి రెండూ ఒకటే.

నేలమాళిగలో ఆమె చీకటిగది ఉన్న ఇల్లు
ఈ ఏడు హోటల్ అవుతోంది.
నెగెటివ్‌లు తీసుకెళ్లడానికి రెండు రోజులిచ్చారు.
అరటిపళ్ల అట్టపెట్టెల్లో
ముప్ఫై ఏళ్ల గురువారాలు.
మూతపడ్డ గ్యాలరీలు, విడిపోయిన జంటలు,
ఎవరూ కొనని బొమ్మల ముందు
కొంటామన్నట్టు నిలబడ్డ మనుషులు.
దేనిమీదా ఆమె పేరు లేదు,
పెన్సిల్‌తో తేదీ మాత్రం ఉంది.

రెండో రాత్రి, లైట్‌బాక్సు మీద, ఓ ఫ్రేము.
తెంగిజ్ గీసిన నల్ల నది.
వార్నిష్ ఇంకా ఆరలేదు, నల్లగుడ్డ జారింది.
నదిలో లమారా,
ముప్ఫై దాటని లమారా,
ఓ కన్ను మూసుకుని, జడ ఊడి,
వెనక లైటు పట్టుకున్న తెంగిజ్ ఏదో అన్నట్టున్నాడు,
అప్పుడే నవ్వయిపోయింది ఆమెకి.

భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది.
"పాడైన ఫ్రేము, అవతల పారెయ్" అని
మరో పెట్టె అందుకుంది.

పారేయలేదు.
ఓ ప్రింటు తీసి
నా టేబులు మీద గోడకి ఆనించాను.
దానికింద ఏం రాయాలో
ఎవరిని అడగాలో తెలీక
రోజూ దుమ్ము తుడుస్తున్నాను.
ఇవాళ గురువారం.
వంతెన అవతల కొత్త గ్యాలరీ అట,
లైట్లు మోసే పిల్లాడికి జ్వరమట,
"ఆరింటికి రా" అంది,
"నల్ల చొక్కా వేసుకో."